ఆరో పన్ను

న్యూజెర్సీలోని మాన్మత్ కౌంటీలో బిగ్ బ్రూక్ అని ఒక వాగు ఉంది. వాగంటే మన వాగులాంటిదే. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు, రెండు వైపులా చెట్లు. సెలవు రోజుల్లో జనం పిల్లాపాపలతో, చేతుల్లో జల్లెళ్ళతో అందులోకి దిగుతారు. వాళ్ళు వెతికేది సొరచేప పళ్ళ కోసం. సుమారు ఏడు కోట్ల ఏళ్ళ కిందట అక్కడంతా సముద్రం. ఆ సముద్రపు అడుగు మట్టే ఇప్పుడు వాగు ఒడ్డు. వాన పడి ఒడ్డు కోసుకుపోయినప్పుడల్లా ఆ మట్టిలోంచి పళ్ళు జారి నీళ్ళలో పడతాయి. జల్లెడతో గులకరాళ్ళు ఎత్తి, కడిగి, ఓపిగ్గా చూస్తే రాళ్ళ మధ్య నల్లగా మెరుస్తూ ఒకటి కనిపిస్తుంది.

అక్కడ కొన్ని నియమాలున్నాయి. ఒడ్డు తవ్వకూడదు. పెద్ద పారలు, పెద్ద జల్లెళ్ళు వాడకూడదు. ఒక మనిషి ఒక రోజుకి ఐదు శిలాజాలకు మించి ఇంటికి తీసుకుపోకూడదు.

2018లో ఆన్‌సైట్ పని మీద ఎడిసన్‌లో ఉన్నప్పుడు ఒక స్నేహితుడి కుటుంబంతో కలిసి వెళ్ళాను. వాళ్ళబ్బాయికి అప్పుడు ఏడేళ్ళు. పొద్దున దిగితే మధ్యాహ్నం మూడింటికల్లా నా ఐదు పూర్తయ్యాయి. అన్నీ విరిగినవో, అరిగినవో. ఇక చాలు అనుకుంటూనే చివరిగా ఒక జల్లెడ ఎత్తాను. అందులో ఆరోది ఉంది. చిటికెన వేలి గోరుకు రెండింతల పొడవు, సన్నగా సూదిలా, కింద రెండు కాళ్ళ వేరు చెక్కుచెదరకుండా. గాబ్లిన్ షార్క్ జాతిదని తర్వాత చూసుకున్నాను.

చెయ్యాల్సిన పని చాలా తేలిక. చేతిలో ఉన్న ఐదింట్లో ఒకటి వాగులో వేసి, దీన్ని ఉంచుకుంటే సరిపోతుంది. ఆ విరిగిన ముక్కల్లో ఏదీ అంత గొప్పది కాదు. అయినా చెయ్యి రాలేదు. పిల్లాడు చూశాడు. "అంకుల్, మీకు సిక్స్ ఉన్నాయి" అన్నాడు. "ఒకటి నీ కోసంలే" అన్నాను. "నాకు ఆల్రెడీ ఫైవ్ అయిపోయాయి కదా" అన్నాడు. సరే వేసేస్తాలే అని వంగి, కింద దొరికిన గులకరాయి ఒకటి నీళ్ళలోకి విసిరాను. బుడుంగుమని చప్పుడైంది. వాడు తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. పన్ను నా జేబులోనే ఉంది. ఇప్పుడు సంగారెడ్డిలో, నా టేబుల్ మీద, పాత అమృతాంజనం సీసాలో ఉంది.

ఇది పెద్ద నేరం అని రాయడానికి కూర్చోలేదు. కానీ ఇన్నేళ్ళుగా ఆ పన్ను తరఫున నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఆ వాదనలు ఎక్కడికి దారి తీశాయో చెప్పాలని ఈ వ్యాసం.

*

మొదటి వాదన: దీనికి కొరత లేదు. సొరచేపకు ఎముకలుండవు, ఒళ్ళంతా మృదులాస్థి. చచ్చిపోతే అది కుళ్ళి మాయమవుతుంది. మిగిలేవి పళ్ళే. అవి వరసల వెనక వరసలుగా ఉంటాయి. ముందుది ఊడితే వెనకది ముందుకి జరుగుతుంది. అలా ఒక్కో చేప తన జీవితంలో వేలకొద్దీ పళ్ళు రాల్చుకుంటుంది. కోట్ల ఏళ్ళలో ఎన్ని చేపలు, ఎన్ని పళ్ళు! అందులో ఒకటి ఎటుపోతే ఏంటి?

రెండో వాదన: నేను తియ్యకపోతే వాగు తీసుకుపోతుంది. ఒడ్డులోంచి జారిన పన్ను నీళ్ళలో దొర్లి, రాళ్ళకి రాసుకుని, అరిగి చివరికి ఇసకైపోతుంది. నేను దాన్ని కాపాడినట్టే లెక్క.

మూడో వాదన: దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. నా తర్వాత వచ్చిన మనిషికి ఆ రోజు ఒక పన్ను తక్కువ దొరికిందని ఎవరైనా నిరూపించగలరా?

చిక్కేమిటంటే, ఈ మూడింట్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే నిజమే. అయినా ఆ ఐదు నియమం అర్థం లేనిదని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే అది నా పన్ను గురించి మాట్లాడటం లేదు, మొత్తం గురించి మాట్లాడుతోంది. ఒక్క ఆదివారం దిగే అందరి గురించీ, వచ్చే ఏడాది దిగబోయే పిల్లల గురించీ మాట్లాడుతోంది. నేను మాత్రం ఒక్కదాని గురించి వాదిస్తున్నాను. నియమానికీ నాకూ మధ్య అసలు సంభాషణే జరగలేదు.

తెలుగులో పన్ను అనే మాటకి ఇంకో అర్థం ఉండటం ఇక్కడ కాస్త ఇబ్బంది పెడుతుంది. పంటలో ఆరో వంతు రాజు భాగం అనేది మన పాత లెక్క. ఐదు వంతులు పండించినవాడివి, ఆరోది ఊరుమ్మడికి. ఐదు పళ్ళు నావి, ఆరోది నాది కాదు. నేను ఎగ్గొట్టింది రెండు అర్థాల్లోనూ పన్నే.

*

ఈ పళ్ళ చరిత్రలో కూడా ఒక నీతి ఉంది. ఐరోపాలో వీటిని చాలాకాలం నాలుక రాళ్ళు అనేవాళ్ళు. చంద్రగ్రహణం వేళ ఆకాశంలోంచి రాలతాయని రోమన్ పండితుడు ప్లీనీ రాశాడు. మాల్టా దీవిలో దొరికేవాటిని సెయింట్ పాల్ రాళ్ళుగా మార్చేసిన పాముల నాలుకలు అనుకునేవాళ్ళు. విషానికి విరుగుడని మెళ్ళో కట్టుకునేవాళ్ళు, తాగే ద్రాక్షసారాయిలో ముంచేవాళ్ళు. 1666లో ఇటలీలో లివోర్నో దగ్గర జాలర్లకు ఒక పెద్ద సొరచేప దొరికింది. దాని తలను ఫ్లోరెన్స్‌లో ఉన్న నికొలాస్ స్టెనో అనే డేనిష్ వైద్యుడికి పంపారు. ఆయన నోరు కోసి చూశాడు. ఆ పళ్ళకూ నాలుక రాళ్ళకూ తేడా కనిపించలేదు. మర్నాడు అది రాసి ఊరుకోలేదు. కొండ మీద రాతిలో సముద్రపు చేప పన్ను ఎలా ఇరుక్కుంటుందన్న ప్రశ్న వెంట వెళ్ళాడు. రాయి ఒకప్పుడు మెత్తటి మట్టి అయ్యుండాలి, పన్ను ముందు, రాయి తర్వాత. కింది పొర పాతది, పై పొర కొత్తది. 1669లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకంతో భూమికి చరిత్ర రాసే పద్ధతి ఒకటి మొదలైంది.

నాకిక్కడ ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, స్టెనో తెలివి పన్నులో లేదు. పన్ను ఎక్కడుందన్న దాంట్లో ఉంది. మెళ్ళో తాయెత్తుగా వేలాడుతున్నంతకాలం ఆ రాయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాతిలో ఉన్న చోట చూస్తేనే మాట్లాడింది.

*

ఇంటికొచ్చాక సీసాలో పన్ను చూసి మా అక్క కూతురు అడిగింది: "మామా, మన వాగుల గూడ దొరుకుతయా ఇవి?"

మా వాగంటే నక్కవాగు. పటాన్‌చెరు, ఇస్నాపూర్ ప్రాంతాల నీళ్ళు మోసుకుని మంజీరలో కలుస్తుంది. దొరకవు అని చెప్పాను. ఆ జవాబు నిజమే. పటాన్‌చెరు కింద ఉన్నది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి, భూమి లోపల కరిగి చల్లారింది. అది ఏర్పడే నాటికి చేపలు లేవు, పళ్ళు లేవు. బీహెచ్ఈఎల్ దాటాక రోడ్డు పక్కన కనిపించే గుండ్లన్నీ అవే. ఆ గుండ్లు అరిగి పడ్డ ఇసకే వాగుది. జల్లెడ పట్టినా అందులో తెల్ల పలుగురాయి, గులాబి రంగు రాయి తప్ప ఏమీ ఉండదు.

"మరి మన తెలంగాణల ఏడ లేవా?" అంది. దాంతో నేను చదవడం మొదలుపెట్టాను. ఉన్నాయి. అది నాకు పెద్ద ఆశ్చర్యం. సముద్రం మొహం చూడని మన నేలలో సొరచేప పళ్ళున్నాయి.

ప్రాణహిత గోదావరి లోయ రాళ్ళలో, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మాలేరి ఊరి పేరుతో పిలిచే పొరలు ఉన్నాయి. అవి ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన ఏటి మట్టి. అందులో జెనకాంత్ అనే మంచినీటి సొరల పళ్ళు దొరికాయని ఎస్.ఎల్. జైన్ 1980లో ప్రచురించారు. సముద్రంలో కాదు, ఏటి నీళ్ళలో ఈదిన సొరలు! ఆ పైన ఉన్న కోటా పొరల్లో, అంటే డైనోసార్ల కాలంలో, హైబోడాంట్ అనే ఇంకో రకం సొరల బుల్లి పళ్ళు ఉన్నాయి. బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఆ పొరలదే. బడి పిల్లలందరూ దాని కింద నిలబడి ఫోటో దిగుతారు. ఆ పెద్దాయన నీళ్ళు తాగిన ఏటిలో సొరలు తిరిగేవని నాకెవరూ చెప్పలేదు. ఇంకా తర్వాత, డక్కన్ లావా ప్రవాహాల కాలానికి, ఆసిఫాబాద్ ప్రాంతపు పొరల్లో ఇగ్డబాటిస్ అనే టేకుచేప పళ్ళు దొరికాయి. టేకు అంటే సొరకు దగ్గరి చుట్టమే. జి.వి.ఆర్. ప్రసాద్, ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ కపెట్టా కలిసి 1993లో దాన్ని వర్ణించారు.

మాకు ఇంకా దగ్గరగా ఉన్న చోటు నస్కల్. వికారాబాద్ దాటి పరిగి వైపు వెళ్ళే దారి. సంగారెడ్డి నుంచి బండి మీద పోతే రెండు గంటలు పట్టదు. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా పారి, చల్లారి, మళ్ళీ పారే లోపల మధ్యలో కొన్నేళ్ళు చెరువులు ఏర్పడ్డాయి. ఆ చెరువుల అడుగు బురద రెండు లావా పొరల మధ్య ఇరుక్కుంది. ఆ బురదలో చుంచెలుకంత జంతువు పళ్ళు దొరికాయి. ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో నేచర్ పత్రికలో ప్రకటించారు: భారతదేశంలో క్రెటేషియస్ కాలపు పాలిచ్చే జంతువు దొరకడం అదే మొదటిసారి. పేరు డెక్కనోలెస్టిస్ హిస్లోపి. నాగపూర్‌లో మతబోధకుడిగా ఉంటూ మధ్యభారతపు రాళ్ళన్నీ తిరిగిన స్టీఫెన్ హిస్లాప్ పేరు అది. ఆయన 1863లో వరదొచ్చిన వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయాడు.

ఇలాంటి పళ్ళు కంటికి కనిపించవు. బస్తాలకొద్దీ మట్టి తెచ్చి, నానబెట్టి, సన్న జల్లెళ్ళలో కడిగి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే ఏరాలి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉంటాయి. ఆ నలుసుల మీద ఆధారపడి, అప్పట్లో సముద్రం మధ్య ద్వీపంగా ఉన్న ఈ దేశానికి ఆ జీవులు ఎటు నుంచి వచ్చాయని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

*

ఇక్కడ నాకు ఒక తేడా అర్థమైంది. నా ఉద్యోగం భాషలో చెప్తే తేలిక. సర్వర్ పడిపోయినప్పుడు మేము లాగ్ చూస్తాం. లాగ్‌లో ఒక వాక్యం ఉంటుంది, దాని ముందు సమయం, ఏ మెషీన్ అన్నది ఉంటాయి. వాక్యం ఎంత ముఖ్యమైనదైనా ఆ ముందున్న ముక్క చెరిగిపోతే ఇక దానితో చేసేదేం లేదు. శిలాజమూ అంతే. ఏ ఊరు, ఏ పొర, దాని పైనేముంది, కిందేముంది అన్నవి పోతే మిగిలేది అందమైన రాయి. తాయెత్తు.

బిగ్ బ్రూక్‌లో వాగు ముందే ఆ పని చేసేసింది. నీళ్ళలో దొర్లుతున్న పన్ను ఏ పొరలోంచి జారిందో ఖచ్చితంగా చెప్పలేం. అందుకే ఒడ్డు తవ్వొద్దు, నీళ్ళలోది ఏరుకో అన్న నియమం అర్థవంతం. విడిపోయినదాన్ని తీసుకో, విడదీయకు. నస్కల్‌లో అయితే పొరే అసలు విషయం. అక్కడికి నాలాంటివాడు సుత్తి పట్టుకుని సరదాగా వెళ్తే, అతను జేబులో వేసుకునేదానికన్నా కాలి కింద పాడు చేసేది ఎక్కువ. మన దగ్గర శిలాజాల కోసం విడిగా చట్టం లేక, 2022 డిసెంబరులో గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వం మీద ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం పెట్టింది. చట్టం సంగతి అలా ఉంచితే, నా మట్టుకు నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. నస్కల్ వెళ్ళాలని మా అక్క కూతురు ఎంత అడిగినా, వెళ్తే రోడ్డు మీద నిలబడి చూసి వస్తాం. చేతులు కట్టుకుని.

ఇంతవరకు వాదన నాకు అనుకూలంగానే నడిచింది. నేను వాగులో ఏరాను, పొర తవ్వలేదు. కాబట్టి నా తప్పు చిన్నది. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ పిల్ల వాగు చూపించమంది.

*

ఒక ఆదివారం నక్కవాగు వంతెన మీద బండి ఆపాం. అది నేను చిన్నప్పటి నుంచి దాటుతున్న వంతెన. కిందికి దిగలేదు. నీళ్ళ రంగు చూసి పిల్ల ముక్కు మూసుకుంది.

ఈ వాగు గురించి ప్రపంచానికి మా ఊరివాళ్ళకన్నా ఎక్కువ తెలుసు. 2007లో యోకిమ్ లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరు చుట్టుపక్కల సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరతాయి. శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్ళను వాళ్ళు పరీక్షించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. రోజుకి దాదాపు 45 కిలోల మందు నీళ్ళలో పోతోందని లెక్క కట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత. ఆ నీళ్ళు ఇసకవాగులోకి, అక్కణ్ణుంచి నక్కవాగులోకి వెళ్ళేవి. 2011లో అదే బృందంలోని వాళ్ళు వాగు అడుగు మట్టిని తీసి అందులోని డీఎన్‌ఏ చదివారు. యాంటీబయాటిక్‌లకు లొంగని గుణాన్నిచ్చే జన్యువులు ఆ మట్టిలో పెద్ద మొత్తంలో ఉన్నాయి.

అంటే మా వాగు అడుగున కూడా పొరలున్నాయి. చదివేవాళ్ళు వచ్చి చదివారు కూడా.

దీని మీద 1990లోనే సుప్రీం కోర్టులో పిటిషన్ పడింది. అక్కణ్ణుంచి హైకోర్టుకి, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. పాతికేళ్ళ పైమాటే. మధ్యలో శుద్ధి కేంద్రం నీళ్ళను పైపుల్లో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అంటే మంజీర వైపు పోయేది మూసీ వైపు మళ్ళింది.

ఇదంతా కోపంతో రాయొచ్చు. చాలామంది రాశారు, రాయాలి కూడా. నాకు ఆ కోపం పూర్తిగా రాదు. దానికో కారణముంది. మా నాయిన ఈ బెల్టులోనే ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పాతికేళ్ళు చేశాడు. నైట్ షిఫ్టులు. నా ఇంజినీరింగు ఫీజు ఆ జీతంలోంచి కట్టింది. వాగు చూసి వచ్చిన సాయంత్రం ఆయన్ని అడిగాను. ఎప్పుడూ అడగలేదు, మొదటిసారి. ఆయన తడుముకోకుండా చెప్పాడు.

"వాన వడ్డ రాత్రి ట్యాంకు వాల్వు తిప్పుమనేటోళ్ళు. వానల కలిసిపోతదని. నేను గూడ తిప్పిన."

"తప్పనిపియ్యలేదా నాయినా?"

"అనిపిచ్చింది. కని ఒక్క మా ట్యాంకు తోని వాగు కరాబైతదా అనుకుంటుంటి. నేను తిప్పకుంటే ఇంకోడు తిప్పుతుండె. అయినా ఎవ్వరికేమాయెనని ఎవరన్న సూపిచ్చిండ్రా?"

కొరత లేదు. నేను కాకపోతే ఇంకోటి తీసుకుపోతుంది. ఎవరికీ నష్టం లేదు. బిగ్ బ్రూక్ నీళ్ళలో నిలబడి నేను చెప్పుకున్నవి వరసగా ఆ మూడే.

*

డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1984లో వచ్చిన రీజన్స్ అండ్ పర్సన్స్ పుస్తకంలో ఒక ఊహ చేస్తాడు. వెయ్యిమంది హింసకులు, వెయ్యిమంది బాధితులు. ఒక్కో హింసకుడు తన ఎదుటి బాధితుడి యంత్రం మీటను వెయ్యిసార్లు తిప్పుతాడు. ఒక్కో మెలిక వల్ల పెరిగే నొప్పి బాధితుడికి తెలియనంత చిన్నది, కానీ వెయ్యి మెలికలకి భరించలేని నొప్పి. ఇది హింస అని అందరం ఒప్పుకుంటాం. ఇప్పుడు పద్ధతి మార్చారు. ఒక్కో హింసకుడు వెయ్యిమందిలో ఒక్కొక్కరి మీటా ఒక్కొక్కసారే తిప్పుతాడు. బాధితుల నొప్పి అంతే. కానీ ఇప్పుడు ఏ హింసకుడైనా, నావల్ల ఏ ఒక్కరికీ తెలిసేంత నొప్పి కలగలేదు అనగలడు. ఆ మాట నిజం కూడా. అయినా వాళ్ళు చేసింది హింస కాకుండా పోతుందా? పోదంటాడు పార్ఫిట్. నా ఒక్క పని ఫలితం ఎంత అని మాత్రమే అడగడం పొరపాటు. నేను ఏ పనుల సమూహంలో భాగమయ్యానో, ఆ సమూహం మొత్తంగా ఏం చేస్తోందో అడగాలి.

అది చదివినప్పుడు నాకు మీట బదులు వాల్వు కనిపించింది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. నాకు నేనే చెప్పుకున్నవి కొన్ని.

ఒకటి, పన్నునీ విషపు నీళ్ళనీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒప్పుకుంటాను. నష్టంలో పోలిక లేదు. బిగ్ బ్రూక్‌లో ఒక పన్ను తగ్గితే ఎవరి బోరునీళ్ళూ పాడవలేదు, ఎవరి పొలమూ బీడు కాలేదు. పోలిక నష్టంలో కాదు, ఆ తప్పుని మనసులో దాటించే దారిలో ఉంది. దారి ఒకటే కాబట్టి చిన్నదాని మీద నడవడం అలవాటైన కాలు పెద్దదాని మీద కూడా తేలిగ్గానే నడుస్తుంది.

రెండు, మా నాయినకు ఎంచుకునే వీలు ఎంత? తిప్పనంటే రేపటికి ఉద్యోగం ఉండదు. నాకున్న వీలు ఎంత? విరిగిన ముక్క ఒకటి వదిలెయ్యడమే. ఈ లెక్కలో చూస్తే ఫలితం ఆయనది పెద్దది, తప్పు నాది పెద్దది. ఇది మొదట వింతగా అనిపించింది కానీ ఎంత ఆలోచించినా తిరగబడలేదు. పైగా ఆయన అడగ్గానే చెప్పాడు. నేను ఒక పిల్లాడి ముందు గులకరాయి విసిరి నటించాను. వాల్వు తిప్పమన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి వీలూ ఉంది, లాభమూ ఉంది, వాన రాత్రే ఎందుకు తిప్పాలో తెలిసిన తెలివీ ఉంది. వాన నీళ్ళలో కలిపి దాచడం, రాయి చప్పుడులో పన్ను దాచడం, రెండూ చూసేవాళ్ళుంటారని తెలిసి చేసే పనులే.

మూడు, ఆ మందులు ఎవరి ప్రాణమో నిలబెట్టాయి కదా. నిలబెట్టాయి. నా చదువునీ నిలబెట్టాయి. అందుకే నేను దీన్ని బయట నిలబడి తీర్పు చెప్పలేను. వాగు నాకు బాకీ పడలేదు, నేనే వాగుకి బాకీ ఉన్నాను. నా ఫీజులో కొంత అది కట్టింది.

చివరి అభ్యంతరం అన్నింటికన్నా తియ్యనిది: కోట్ల ఏళ్ళలో ఇదంతా ఎంత? ఏడు కోట్ల ఏళ్ళ పన్ను చేతిలో పట్టుకుంటే మనిషి చేసే పాపం పుణ్యం రెండూ నలుసుల్లా కనిపిస్తాయి. లావా పారింది, డైనోసార్లు పోయాయి, భూమి ఉంది. ఈ వాగూ ఎప్పుడో శుభ్రపడుతుంది. శిలాజాల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఈ ఆలోచన మత్తులా ఎక్కుతుంది. నాకూ ఎక్కింది. కానీ అంతకాలం బతికేది భూమి, మనం కాదు. వాగు పక్క ఊళ్ళో ఉన్న మనిషికి ఉన్నది అరవై డెబ్భై ఏళ్ళు. ఆ మనిషి బోరుబావికి ఏడు కోట్ల ఏళ్ళ ఓదార్పు చెప్పడం, ఎదుటివాడి ఆకలికి గీతాశ్లోకం చెప్పడం లాంటిది. పైగా ఆ పన్ను నేర్పేది దానికి తిరగబడే పాఠం. ఏదీ మాయం కాదు. మెత్తటి మట్టిలో పడ్డ చిన్న నలుసు కూడా లెక్కలో ఉండిపోతుంది. వాన నీళ్ళలో కలిసిపోతదని వదిలింది కలిసిపోలేదు. లీటరుకి 31 మిల్లీగ్రాములుగా దొరికింది.

*

ఆరో పన్నుని ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు. అమెరికాకి పోస్టులో పంపి వాగులో వేయించమని ఆ స్నేహితుణ్ణి అడగొచ్చు. నవ్వుతాడు. వాళ్ళబ్బాయికి ఇప్పుడు మీసాలొచ్చే వయసు. వాడికి ఆ సంగతి గుర్తుండదనే అనుకుంటాను. గుర్తుంటే మాత్రం వాడికి చెప్పాల్సింది నేను.

మా అక్క కూతురు ఒక ఉపాయం చెప్పింది. "నక్కవాగుల ఏద్దాం మామా. వాగుల నుంచి తెచ్చినవ్, వాగుల్నే ఏస్తే లెక్క సరిపాయె." ఒక్క క్షణం బాగుందనిపించింది. తర్వాత వద్దన్నాను. ఎందుకన్నది. ఎప్పుడో ఒకరోజు ఈ వాగు శుభ్రపడి, నీలాంటి పిల్ల ఎవరో జల్లెడ పట్టుకుని దిగి, గ్రానైటు ఇసకలో ఈ పన్ను చూస్తే ఏమనుకుంటుంది? పటాన్‌చెరు ఒకప్పుడు సముద్రం అనుకుంటుంది. ఈ వాగులోకి అబద్ధాలు ఇప్పటికే చాలా వదిలాం, ఇంకోటి వద్దు అన్నాను.

దానికి ఎంత అర్థమైందో తెలీదు. లోపలికెళ్ళి నోటుబుక్కులోంచి చిన్న కాగితం చింపి తెచ్చి, సీసా మీద అంటిస్తా చెప్పు అంది. నేను చెప్తుంటే గుండ్రటి అక్షరాలతో రాసింది. సొర పన్ను. బిగ్ బ్రూక్, మాన్మత్ కౌంటీ, న్యూజెర్సీ. వాగు గులకరాళ్ళలో దొరికింది, పొర తెలియదు. 2018. ఇంకేమన్న రాయాల్నా అని అడిగింది. ఐదు వరకే తీసుకోవాలి, ఇది ఆరోది అని రాయమన్నాను.

"గిట్ల రాస్తే నువ్వు దొంగతనం జేసినవని తెలుస్తది గద మామా."

రాయి అన్నాను. రాసింది.